ఫ్రాన్స్‌లో దారి అడిగాక వాళ్ళు చెప్పేది అర్థం కావాలంటే

మీరు అడిగింది ఇదీ: మే నెలలో అమ్మానాన్నలను తీసుకుని పారిస్‌లో ఐదు రోజులు, లియోన్‌లో నాలుగు రోజులు ఉండబోతున్నారు. మూడు నెలలుగా ఫోన్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారు. "ఫలానా చోటు ఎక్కడండీ?" అని అడగడం వచ్చేసింది. అవతలివాళ్ళు గడగడా చెప్పే జవాబు ఒక్క ముక్క కూడా అర్థం కాదేమోనని టెన్షన్. నేను లియోన్‌లో 11 ఏళ్ళుగా ఉంటున్నాను. ఏటా ఎండాకాలంలో మా ఇంటికి వచ్చే చుట్టాలకు చెప్పి పంపే మాటలే మీకూ కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ టెన్షన్‌లో అర్థం ఉంది. ప్రశ్నను ఇంట్లో పదిసార్లు అనుకుని వెళ్ళి అప్పజెప్పొచ్చు. జవాబుకు ఆ వీలు లేదు. పైగా మీరు ప్రశ్నను ఎంత చక్కగా పలికితే జవాబు అంత వేగంగా వస్తుంది, ఎందుకంటే మీకు భాష బాగా వచ్చనుకుంటారు. కాబట్టి ఇక మిగిలిన రోజుల్లో కొత్త ప్రశ్నలు బట్టీ పట్టడం ఆపి, జవాబులు వినడం మీదే కూర్చోండి. దారి చెప్పేటప్పుడు వాడే మాటలు నిజానికి చాలా తక్కువ. ముప్పై, నలభై మాటలు చెవికి పట్టుబడితే పని జరిగిపోతుంది.

వాటిలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు. "తూ ద్ర్వా" అంటే నేరుగా. "ఆ ద్ర్వాత్" అంటే కుడివైపు. రాసింది చూస్తే తేడా తెలుస్తుంది కానీ, రోడ్డు మీద బస్సుల చప్పుడులో వింటే రెండూ ఒక్కలాగే ఉంటాయి. పైగా ఇంగ్లీషు ద్వారా నేర్చుకున్నవాళ్ళకు "ద్ర్వా" అనగానే కుడి అనే తడుతుంది.

నేను వచ్చిన మొదటి నెలలో జరిగింది చెప్తాను. లియోన్ నడిబొడ్డున బెల్‌కూర్ అని ఎర్రమట్టి పరిచిన పెద్ద మైదానం ఉంది, మధ్యలో గుర్రం మీద పద్నాలుగో లూయీ విగ్రహం. అక్కడ నిలబడి, చంకలో పొడుగు రొట్టె పెట్టుకుని వెళ్తున్న ఒక పెద్దావిడను సెయింట్ జాన్ కెథీడ్రల్‌కు దారి అడిగాను. ఆవిడ ఆగి, "సె తూ ద్ర్వా, వు త్రవెర్సే ల పోఁ, ఎ సె సుర్ వోత్ర్ ద్ర్వాత్" అంది. నేరుగా వెళ్ళి, వంతెన దాటండి, మీ కుడిచేతి వైపే ఉంటుంది అని. ఆవిడ అరచెయ్యి నిటారుగా సోన్ నది వైపే చూపిస్తోంది. నా చెవి మాత్రం మొదటి "ద్ర్వా" దగ్గరే ఆగిపోయింది. మెర్సీ, అంటే థాంక్స్, చెప్పి అక్కడే కుడికి తిరిగాను. తెల్లటి జాకొబేఁ ఫౌంటెన్ దాకా వెళ్ళినా నదే కనబడలేదు. వంతెన అన్న మాట విన్నాను, నడిచిన దారిలో వంతెనే లేదు. అప్పుడు ఆగి ఆలోచిస్తే విషయం తెలిసింది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న గుర్తు ఇది: చివర తకారప్పొల్లు వినిపిస్తే కుడి, వినిపించకపోతే నేరుగా. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి పొల్లును మన చెవి పెద్దగా పట్టించుకోదు. అందుకే దీన్ని పనిగట్టుకుని సాధన చేయాలి. ముందున్న "తూ" కూడా ఒక ఆసరా. "తూ" వినబడితే తిరగక్కర్లేదు. ఎడమ అంటే "ఆ గోష్", దానితో ఏ ఇబ్బందీ లేదు. అనుమానం వస్తే చేత్తో చూపిస్తూ తిరిగి అడగండి: "తూ ద్ర్వా?" అంటూ ముందుకు, "ఆ ద్ర్వాత్?" అంటూ కుడికి. ఎవరూ విసుక్కోరు. సరిగ్గా పట్టుకుంటే "సె సా" అంటారు, "వ్వాలా" అంటారు. రెండిటికీ "అంతే, అదే" అని అర్థం.

ఇక్కడ మన భాష మనకు పెద్ద సాయం చేస్తుంది. తెలియనివాళ్ళను మనం "మీరు" అన్నట్టే వాళ్ళు "వు" అంటారు. మన "వెళ్ళండి, తిరగండి, దాటండి"లో "అండి" ఎలాగో, వాళ్ళకు క్రియ చివర "ఏ" అలాగ. "తుర్నే" అంటే తిరగండి. "ప్రనే" అంటే తీసుకోండి, అంటే ఆ వీధి పట్టుకోండి అని. "త్రవెర్సే" దాటండి, "కోఁతినుయే" అలాగే వెళ్ళండి, "మోఁతే" ఎక్కండి, "దెసాఁదే" దిగండి. మాటల్లో ముందు "వు" తగిలించి "వు ప్రనే, వు తుర్నే" అంటారు. వాక్యంలో ఈ "ఏ" వినబడగానే చెవి రిక్కించండి, మీరు చేయాల్సిన పని అక్కడే ఉంటుంది. మిగతా "అలోర్", "ఆఁ ఫెత్", "దు కూ" లాంటివన్నీ మనం "అంటే, మరి, అదీ" అనుకునే ఊతపదాలే. వాటిని వదిలేయండి.

క్రియ తర్వాత వచ్చేది లెక్క. "ప్రమ్యేర్" మొదటిది, "దొజియెమ్" రెండోది, "త్ర్వాజియెమ్" మూడోది. "వు ప్రనే లా దొజియెమ్ ఆ గోష్" అంటే రెండో వీధిలో ఎడమకు తిరగండి అని. వీధి అన్న మాట అసలు అనరు, మింగేస్తారు. ఎడమవైపు వచ్చే వీధులను మాత్రమే లెక్కపెట్టాలి, కుడివైపు సందులు లెక్కలోకి రావు. ఆ తర్వాత వచ్చేది గుర్తు: "ఫొ" అంటే సిగ్నల్, "రోఁ ప్వేఁ" అంటే రౌండ్ చుట్టూ తిరిగే కూడలి, "పోఁ" వంతెన, "ఎగ్లీజ్" చర్చి. "ఆప్రే" అంటే దాటాక, "ఆవాఁ" అంటే దానికి ముందే, "జుస్కో" అంటే అక్కడిదాకా. ఈ మూడిటిలో ఏది అన్నారో తప్పకుండా పట్టుకోవాలి. సిగ్నల్ ముందు తిరగడం, దాటాక తిరగడం ఒకటి కాదు కదా. "ఆఁ ఫాస్" అంటే ఎదురుగా, "ఆ కోతే" అంటే పక్కన, "ఓ బూ ద లా రు" అంటే వీధి చివర.

నేను అరసున్న పెట్టి రాస్తున్నవి చూశారా, అవి ముక్కుతో పలికే అచ్చులు. మన పాత పుస్తకాల్లో "వాఁడు, వీఁడు" అని అరసున్న ఉండేది ఇలాంటి ధ్వనికే. నాలుక పళ్ళకు తగలకుండా, పెదవులు మూయకుండా ముక్కులోంచి వదలాలి. "పోఁ" అన్నది "పోన్" కాకూడదు. వీధి అనే "రు" కోసం నోట్లో "ఈ" అంటూ పెదవులు మాత్రం "ఊ" అన్నట్టు ముందుకు చుట్టాలి. నేరుగా "రూ" అంటే చక్రం అయిపోతుంది. ఇవన్నీ పర్ఫెక్టుగా రావాలని పట్టు పట్టకండి. దారి చెప్పేవాళ్ళకు మీ ఉచ్చారణ కంటే మీ పలకరింపు ముఖ్యం.

ఆ పలకరింపు గురించి గట్టిగా చెప్పాలి. ఇక్కడ మాట "బోఁజూర్"తోనే మొదలవ్వాలి. సాయంత్రం పొద్దుపోయాక "బోఁస్వార్". దుకాణంలోకి వెళ్ళినా, బస్సెక్కినా, రోడ్డు మీద ఆపినా అంతే. "ఎక్స్‌క్యూజ్ మీ" ఒక్కటే చాలదు. ఒకసారి రొట్టెల కొట్లోకి హడావిడిగా వెళ్ళి నేరుగా ట్రామ్ స్టాప్ ఎక్కడని అడిగాను. కౌంటర్‌లో ఉన్నావిడ నా ముఖం వంక చూసి, నిదానంగా "బోఁజూర్ మొస్యొ" అని ఆగిపోయింది. నేను బోఁజూర్ అన్నాక మళ్ళీ అడగనిచ్చింది. అడిగాక అదే ఆవిడ చేతులకు అంటిన పిండి ఏప్రాన్‌కు తుడుచుకుంటూ ఫుట్‌పాత్ మీదికి వచ్చి, వేలితో మలుపు చూపించి వెళ్ళింది. మన ఊళ్ళో పెద్దవాళ్ళకు నమస్కారం పెట్టకుండా పని అడిగితే ఎలా ఉంటుందో, వీళ్ళకు బోఁజూర్ లేని ప్రశ్న అలా ఉంటుంది. ఫ్రెంచ్‌వాళ్ళు పొగరుబోతులు అన్న మాట చాలాసార్లు ఈ ఒక్క చోటే పుడుతుందని నా నమ్మకం. కాబట్టి "బోఁజూర్ మదామ్" అని, ఆవిడ తిరిగి బోఁజూర్ అనేదాకా ఆగి, అప్పుడు "ఎక్స్‌క్యుజే మ్వా, జ షెర్ష్ లా గార్, సిల్ వు ప్లే" అనండి. స్టేషన్ వెతుకుతున్నానండీ అని. "జ షెర్ష్" తర్వాత ఏ చోటి పేరైనా తగిలించొచ్చు.

"ఎక్కడ" అని అడిగితే జవాబు బారెడు వస్తుంది. అందుకే అవును, కాదు అని తేలిపోయేలా అడగడం నేర్చుకోండి. ఫోన్‌లో మ్యాప్ చూసి, మీకు తోచిన వైపు తిరిగి నిలబడి, చెయ్యి చూపిస్తూ "ల మ్యుజే, సె పార్ లా?" అనండి. మ్యూజియం ఇటేనా అని. ఔనంటే "ఉయీ", కాదంటే వాళ్ళే మిమ్మల్ని భుజం పట్టి తిప్పినంత పని చేసి సరైన వైపు చూపిస్తారు. దారంతా ఒకరి దగ్గరే రాబట్టాలని చూడొద్దు. మొదటి మలుపు దాకా అర్థం చేసుకుని, అక్కడ ఇంకొకరిని అడగండి. చెప్తున్నప్పుడు వాళ్ళ పెదవుల కంటే చేతులు చూడండి. నేను బెల్‌కూర్‌లో చేయనిది అదే. వేగం తగ్గించమనడానికి "ప్లు లాఁత్‌మాఁ, సిల్ వు ప్లే". మ్యాప్‌లో చూపించమనడానికి "సుర్ ల ప్లాఁ?" అంటూ ఫోన్ ముందుకు చాపితే చాలు.

ఎవరిని అడగాలన్నది కూడా చూసుకోవాలి. మెట్రోలో పరుగు మీద ఉన్నవాళ్ళను ఆపొద్దు. కుక్కను తిప్పుతున్నవాళ్ళు, బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్ళు, ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న మందుల షాపువాళ్ళు ఓపిగ్గా చెప్తారు. ఎవరైనా "ష్వీ పా దిసీ" అంటే మీ మీద కోపం కాదు, "నాది ఈ ఊరు కాదు" అంటున్నారు. "వు పువే పా ల రాతే" అంటే "కనబడకుండా పోదు" అని భరోసా ఇవ్వడం. అందులో "పా" విని, వెళ్ళొద్దంటున్నారేమో అని మా బాబాయి ఒకసారి వెనక్కి వచ్చేశారు. "సె ఆ దొ పా" అన్నారంటే అక్షరాలా రెండడుగుల్లో అని, అంటే దగ్గరే. పారిస్‌లో చాలామంది మీ యాస వినగానే ఇంగ్లీషులోకి మారిపోతారు. మొహమాటపడకుండా ఆ సాయం తీసుకోండి. అయితే టికెట్ మెషీన్ దగ్గర మీరు పిలవకుండానే వచ్చి సాయం చేస్తామనేవాళ్ళకు మాత్రం "నోఁ మెర్సీ" చెప్పి పక్కకు జరగండి.

ఇప్పుడు బోర్డుల మీద కనిపించి మోసపుచ్చే మాటలు. "ఒతెల్ ద వీల్" అంటే హోటల్ కాదు, మున్సిపల్ ఆఫీసు. మీరు వెళ్ళే రెండు ఊళ్ళలోనూ ఆ పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. "ఒతెల్ ద్యొ" అన్నది పాత ఆస్పత్రులకు పెట్టిన పేరు. "లిబ్రెరీ" పుస్తకాల షాపు. లైబ్రరీని "బిబ్లియొతెక్" అంటారు. "ప్లాస్" అంటే ఊళ్ళో ఖాళీ కూడలి. "కార్" అంటే ఊరికీ ఊరికీ తిరిగే బస్సు. రైల్వే స్టేషన్ "గార్", మెట్రోది "స్తాసియోఁ", సిటీ బస్సు ఆగేచోటు "ఆరే".

మీకు మరీ ముఖ్యమైనది "గార్ ద లియోఁ". అది లియోన్‌లో లేదు, పారిస్‌లో ఉంది. లియోన్ వెళ్ళే రైళ్ళు మామూలుగా అక్కడి నుంచే బయల్దేరతాయి కాబట్టి ఆ పేరు. మీరు లియోన్‌లో దిగే స్టేషన్ సాధారణంగా "పార్ ద్యొ" అవుతుంది. గార్ ద లియోఁలో ప్లాట్‌ఫారాలను "వ్వా" అంటారు, కొన్నిటికి అక్షరాలు, కొన్నిటికి అంకెలు. ఇక్కడే మన ఇంగ్లీషు చదువు అడ్డం వస్తుంది. ఫ్రెంచ్‌వాళ్ళు ఇంగ్లీషు "జీ" అక్షరాన్ని "జే" అంటారు, "జే" అక్షరాన్ని "జీ" అంటారు. "ఐ"ని "ఈ" అంటారు, "ఈ"ని "ఒ" అంటారు. "వ్వా జే" అని అనౌన్స్‌మెంట్ విని పరిగెత్తితే మీరు చేరేది వేరే ప్లాట్‌ఫారం. కాబట్టి అక్షరం చెవితో కాక, బోర్డు మీద కంటితో చూసి నమ్మండి.

అంకెలూ అంతే. 69 దాకా మామూలుగా నడుస్తాయి. 70 అంటే అరవై పది, "స్వాసాఁత్ దీస్". 80 అంటే నాలుగు ఇరవైలు, "కాత్ర్ వేఁ". 96 అంటే నాలుగు ఇరవైల పదహారు, "కాత్ర్ వేఁ సేజ్". బస్సు నంబరో, ఇంటి నంబరో చెప్తున్నప్పుడు "కాత్ర్" వినగానే నాలుగని రాసేసుకోకండి, "స్వాసాఁత్" వినగానే అరవై అనుకోకండి. ఒక్క క్షణం ఆగితే వెనకాల ఇంకో ముక్క వస్తుంది. ఇక్కడికి దగ్గర్లోని స్విట్జర్లాండ్‌లో, బెల్జియంలో 70ని "సెప్తాఁత్", 90ని "నొనాఁత్" అని సుళువుగా అంటారు. ఫ్రాన్స్‌లో ఆ అదృష్టం లేదు.

పారిస్ వీధుల్లో ఇంటి నంబర్లకు 1805 నుంచి ఒక పద్ధతి ఉంది, అది తెలిస్తే సగం దారి అడగక్కర్లేదు. సెన్ నది నుంచి బయటికి పోయే వీధుల్లో నంబర్లు నది దగ్గర మొదలవుతాయి. నదికి సమాంతరంగా పోయే వీధుల్లో నీళ్ళు పారే వైపు పెరుగుతాయి. నంబర్లు పెరిగే దిక్కుకు నడుస్తుంటే సరిసంఖ్యలు కుడిచేతి వైపు, బేసిసంఖ్యలు ఎడమచేతి వైపు. వీధి మూలన గోడ మీద నీలిరంగు పలకలో పేరు, దాని పైన ఎన్నో వార్డో ఉంటుంది. వార్డును "అరోఁదిస్‌మాఁ" అంటారు. పారిస్‌లో 20, లూవ్ర్ దగ్గర ఒకటో నంబరుతో మొదలై నత్తగుల్లలా చుట్టుకుంటూ బయటికి వెళ్తాయి. ఎవరైనా "రీవ్ ద్ర్వాత్" అంటే మీ కుడివైపు కాదు, నదికి ఉత్తరపు ఒడ్డు. నీళ్ళు పారే దిక్కుకు తిరిగి నిలబడితే అది కుడి అవుతుంది.

మెట్రోలో దిక్కులు కాదు, చివరి స్టేషన్ పేరే దారి. ఒకటో లైన్‌లో ఒకవైపు "లా దెఫాఁస్", ఇంకోవైపు "షాతో ద వెఁసెన్". ఎవరైనా "దిరెక్సియోఁ" అన్నాక చెప్పే పేరు ఇదే. రైలు మారాలంటే "కొరెస్పోఁదాఁస్", బయటికి "సోర్తీ". లూవ్ర్ మ్యూజియానికి "లూవ్ర్ రివొలీ" అన్న పేరు చూసి దిగకండి. దాని పక్క స్టేషన్ "పలే రువయాల్"లో దిగితే మ్యూజియం గుమ్మం దగ్గర.

పెద్దవాళ్ళతో వస్తున్నారు కాబట్టి ఇంకో మూడు ప్రశ్నలు రోజూ అవసరపడతాయి. "ఊ సోఁ లే త్వాలెత్" అంటే టాయిలెట్లు ఎక్కడ. "ఇల్యా ఎఁనాసాఁసర్" అంటే లిఫ్ట్ ఉందా. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లలో లిఫ్ట్ ఉండదు, ఒక్క 14వ లైన్‌లోనే అన్ని స్టేషన్లకూ ఉంది. మోకాళ్ళ నొప్పులుంటే మెట్రో కంటే సిటీ బస్సు మేలు, ఊరు కూడా కనిపిస్తుంది. మూడోది లియోన్ కోసం: "సా మోఁత్?" అంటే దారి ఎత్తు ఎక్కాలా అని. ఈ ఊళ్ళో "సె ఆ దీ మినుత్ ఆ ప్యే" అన్నారంటే నడిస్తే పది నిమిషాలు నిజమే, కానీ ఆ పది నిమిషాలూ మెట్లే కావచ్చు. ఫుర్వియేర్ కొండ మీది చర్చికి అమ్మానాన్నలను నడిపించకండి. వ్యో లియోఁ మెట్రో స్టేషన్ లోపలే కొండెక్కే చిన్న రైలు ఉంది. ఊరివాళ్ళు దాన్ని "ఫిసెల్" అంటారు, అంటే తాడు. "లా ఫిసెల్ పూర్ ఫుర్వియేర్?" అని అడగండి, ముఖం విప్పారి చూపిస్తారు.

సాధన కోసం ఒక పని చేయండి. మీ ఇంటి నుంచి పాల కేంద్రానికి, గుడికి, బస్టాండుకు వెళ్తున్నప్పుడు ప్రతి మలుపునూ ఫ్రెంచ్‌లో గొణుక్కోండి: తూ ద్ర్వా, జుస్కో ఫొ, ఆ గోష్. ఇంట్లో ఇంకొకరితో చెప్పించుకుని, మీరు వింటూ నడిస్తే ఇంకా మంచిది. వారం రోజుల్లో "ద్ర్వా", "ద్ర్వాత్" విడిపోతాయి. వీలైతే నాన్నగారికి "బోఁజూర్", అమ్మగారికి "మెర్సీ" నేర్పండి. పెద్దవాళ్ళు నోరారా పలకరిస్తే ఇక్కడివాళ్ళు ఇంకో నిమిషం ఆగి చెప్తారు, మా ఇంట్లోవాళ్ళతో చాలాసార్లు చూశాను.

చివరగా, పార్ ద్యొ స్టేషన్‌లో దిగాక బయటికి రెండు వైపులు ఉంటాయి: ఊరి నడిబొడ్డు వైపు "వివియే మెర్ల్", వెనకవైపు "వీలెత్". విమానాశ్రయానికి వెళ్ళే ట్రామ్ వీలెత్ వైపు ఆగుతుంది. మీ గది ఏ వైపో ముందే అడిగి రాసిపెట్టుకోండి. పొరపాటున అటు తేలితే, సామాను పట్టుకుని ఆ స్టేషనంతా దాటి ఇటు రావాలి.